రికార్డు కార్యాలయంలో, శిక్ష విద్యార్థికి

2024 సెప్టెంబరు 1వ తేదీ ఆదివారం నాడు బుడమేరు పొంగి విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీలను ముంచెత్తింది. మరునాటికి ప్రకాశం బ్యారేజీ వద్ద కృష్ణా ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నీరు తీసిన తరువాత నష్టం లెక్కలు కట్టారు. మునిగిన కింది అంతస్తు ఇంటికి 25,000 రూపాయలన్నారు. ఆటోకు ఇంత, ద్విచక్ర వాహనానికి ఇంత అని పట్టిక వేశారు. ఆ పట్టికలో ఒక్క గడి మాత్రం లేదు. మంచం కింద రేకు పెట్టెలో దాచుకున్న పదో తరగతి మార్కుల పత్రానికి, కుల ధ్రువపత్రానికి, జనన ధ్రువపత్రానికి అందులో చోటు దక్కలేదు.

ఆ రోజులలో మేము కొందరు మిత్రులతో కలిసి ఒక మస్జిద్ వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నాము. అన్నం పొట్లాలు, మంచినీటి సీసాలు పంచేవారు చాలామంది ఉన్నారు. మేము కాగితాలు ఆరబెట్టే పని పెట్టుకున్నాము. ఒక తల్లి బురద ముద్దలాంటి కాగితాన్ని రెండు అరచేతులలో పట్టుకుని వచ్చింది. "భాయ్‌సాబ్, ఇది మావాడి ఇంటర్ సర్టిఫికెట్. ఇస్త్రీ పెడితే అక్షరాలు తిరిగి వస్తాయా?" అని అడిగింది. రావమ్మా అని చెప్పడానికి మాకు నోరు రాలేదు.

ఆ తల్లి చేతిలో కరిగిపోయినది నకలు మాత్రమే. అసలు రికార్డు ఇంటర్మీడియట్ బోర్డులో ఉన్నది. పదో తరగతి రికార్డు ప్రభుత్వ పరీక్షల విభాగంలో, కుల ధ్రువపత్రం రికార్డు తహశీల్దారు కార్యాలయంలో, జనన నమోదు పురపాలక సంఘంలో లేదా పంచాయతీలో ఉన్నాయి. అన్ని కార్యాలయాలలోను రికార్డు ఉన్నది. విద్యార్థి ఇంట మాత్రమే లేదు. అయినా కళాశాల ఎవరిని తెమ్మంటున్నది? ఆ లేని విద్యార్థినే తెమ్మంటున్నది. మా వ్యాసమంతా ఈ ఒక్క అన్యాయం గురించే.

బల్లకు అవతలి వైపు

ఈ మాట చెప్పే అర్హత మాకున్నదా అని ఎవరైనా అడగవచ్చు. ముందుగా మా తప్పు మేమే ఒప్పుకుంటాము. మేము ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ పొందినవారము. దరఖాస్తుల మీద "పేరులో తేడా ఉన్నది, సరిచేసి తెమ్మనుము" అని రాసి తిప్పి పంపిన చేయి మాదే. ఒక కూలీ తండ్రి కొడుకు కాగితం కోసం నాలుగుసార్లు తిరిగాడు. నాలుగు రోజుల కూలి పోగొట్టుకున్నాడు. అయిదోసారి రాలేదు. నియమం ప్రకారం ఆ ఫైలు మీద "దరఖాస్తుదారు హాజరు కానందున ముగించడమైనది" అని రాసి కట్ట కట్టాము. ఆ కుర్రవాడు తరువాత చదివాడో, ఆటోనగర్‌లో స్పానరు పట్టుకున్నాడో మాకు తెలియదు. తెలుసుకోవాలన్న ఆలోచన కూడా ఆనాడు రాలేదు. ఆ తేడా ఏమిటో మాత్రం ఇప్పటికీ గుర్తున్నది. ఒక కాగితంలో "షేక్" అని, మరొక కాగితంలో "ఎస్‌కె." అని ఉన్నది. అంతే.

బల్లకు ఇవతలికి వచ్చిన తరువాత కాని అవతలి వైపు నుండి మేము చేసిన పని బరువు మాకు తెలియలేదు. కనుక ఈ వ్యాసంలో ఎవరినైనా నిందించినట్లు కనిపిస్తే, ఆ నిందలో మా వాటా మేము ముందే తీసుకున్నామని పాఠకులు గ్రహించాలి.

కాగితం ఎక్కడెక్కడ జారిపోతుంది

ఇంజనీరింగ్, ఫార్మసీ కోర్సులకు జరిగే కౌన్సెలింగ్‌ను చూడండి. హాల్ టికెట్, ర్యాంకు కార్డు, ఇంటర్ మార్కుల పత్రం, పుట్టిన తేదీకి పదో తరగతి పత్రం, బదిలీ పత్రం, ఆరో తరగతి నుండి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు, రిజర్వేషన్ కోరితే కుల ధ్రువపత్రం, ఫీజు రాయితీ కోరితే ఆదాయ ధ్రువపత్రం లేదా తెల్ల రేషన్ కార్డు అడుగుతారు. ఒకే ఊరిలో, ఒకే బడిలో చదివి, తల్లిదండ్రులు కూడా చదువుకున్నవారైన పిల్లవానికి ఇది ఒక పూట పని. మన పిల్లలలో ఎందరి బ్రతుకులు అంత సాఫీగా ఉన్నాయి?

పుట్టుకతోనే మొదలుపెడదాము. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు అప్పటికి పేరు పెట్టి ఉండరు. రిజిస్టరులో తల్లి పేరు, తండ్రి పేరు, ఆడబిడ్డ లేక మగబిడ్డ అని మాత్రమే రాస్తారు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద నమోదు జరిగిన తరువాత 12 నెలల వరకు రుసుము లేకుండా, 15 ఏళ్ల వరకు కొద్దిపాటి రుసుముతో బిడ్డ పేరును చేర్పించుకోవచ్చు. ఈ సంగతి మన ఇళ్లలో ఎందరికి తెలుసు? ఇంటర్ ముగిసి పదిహేడో ఏట బిడ్డ కాలేజీ గుమ్మం ఎక్కేనాటికి పదిహేనేళ్ల గడువు దాటిపోయి ఉంటుంది. ఇంటిలోనే కాన్పు జరిగి నమోదే చేయించని కుటుంబాల సంగతి చెప్పనక్కరలేదు.

తరువాత పేరు. రేష్మా అనే చిన్న పేరునే తీసుకోండి. బడిలో చేర్చిన రోజున మాస్టారు "ఎస్‌కె. రేష్మా" అని రాశారు. ఆధార్ తీసిన కుర్రవాడు "షేక్ రేష్మా బేగం" అని కొట్టాడు. రేషన్ కార్డులో "రేష్మ" అయినది. బ్యాంకు ఖాతాలో ఇంటిపేరు చివరికి వెళ్లి "రేష్మా షేక్" అయినది. ఇవన్నీ ఒకే అమ్మాయి అని వీధిలో ఎవరిని అడిగినా చెబుతారు. కంప్యూటరు మాత్రం నలుగురు అమ్మాయిలంటుంది. మహమ్మద్ అనే పేరును ఎండీ అని, మొహమ్మద్ అని, మహమ్మద్ అని మూడు రకాలుగా రాస్తారు. నూర్‌బాషా, దూదేకుల కుటుంబాల చిక్కు మరొకటి. పేరు సైదులనో, నాగేశ్వరరావనో ఉంటుంది. పేరు చూసి "నీవు ముస్లింవేనా?" అని అడిగినవారిని మేము స్వయంగా విన్నాము.

తరువాత కులం. ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ 2007లో 26వ నంబరు చట్టం వచ్చింది. హైకోర్టు 2010 ఫిబ్రవరిలో దానిని కొట్టివేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు నీడలో ఆ రిజర్వేషన్ నిలిచింది. న్యాయస్థానాలలో ఇంత పోరాడి నిలుపుకున్న హక్కు ఒక చిన్న కాగితం వద్ద ఆగిపోతున్నది. పాత బడి రికార్డులో కులం గడిలో "ముస్లిం" అని మాత్రమే రాసి ఉంటుంది. షేక్ అని గాని, ఖురేషీ అని గాని, ఫకీర్ అని గాని ఉండదు. సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలు ఆ చట్టం పరిధిలోకి రావు కనుక, ఎవరు ఏ వర్గమో తేల్చవలసినదే. ఆ విషయంలో మాకు అభ్యంతరం లేదు. కాని తేల్చే పని ఎవరిది? తండ్రి కాగితం తెమ్మంటారు. తండ్రి బడికే వెళ్లలేదు. తాత కాగితం తెమ్మంటారు. తాత పరుపులు కుట్టి బ్రతికాడు, కాగితం పట్టి బ్రతకలేదు. విచారణ జరిపి నిజం తేల్చే అధికారం, బాధ్యత రెండూ 1993 నాటి కుల ధ్రువపత్రాల చట్టం అధికారులకు ఇచ్చింది. వీధిలోకి వచ్చి నలుగురిని విచారించవలసిన అధికారి బల్ల వద్దనే కూర్చుని కాగితం తెమ్మనడం విచారణ కాదు.

స్టడీ సర్టిఫికెట్ల కథ వేరు. మచిలీపట్నం వైపు ఒక కుర్రవాడు ఆరు, ఏడు తరగతులు చదివిన చిన్న ప్రైవేటు బడి మూతపడింది. ఇప్పుడు ఆ భవనంలో ఎరువుల దుకాణం ఉన్నది. స్థానికుడని నిరూపించుకోవడానికి ఆ రెండేళ్ల కాగితం కావాలన్నారు. యజమాని ఊరు విడిచి వెళ్లాడు. కుర్రవాడు పుట్టి పెరిగింది ఆ జిల్లాలోనే. ఓటు హక్కు వచ్చింది అక్కడే. అయినా రెండేళ్ల కాగితం లేనందున పద్దెనిమిదేళ్ల జీవితం అనుమానాస్పదమైనది. నివాస ధ్రువపత్రంతో ఆ లోటు పూరించవచ్చునని ఎవరో చెప్పి, అది చేతికి వచ్చేసరికి మొదటి విడత సీట్లు అయిపోయాయి.

కళాశాల బీరువాలో బందీ

ఇప్పటివరకు చెప్పినది కాగితం పోయిన విద్యార్థి సంగతి. కాగితం ఉండి కూడా చేతిలో లేని విద్యార్థి మరొకరు ఉన్నారు. వారి ఒరిజినళ్లు కళాశాల బీరువాలో ఉంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ సొమ్ము ప్రభుత్వం నుండి రాలేదు, కనుక మీ బాకీ కట్టి పత్రాలు తీసుకువెళ్లండి అంటారు. ఆ సొమ్ము ఒకప్పుడు కళాశాలకు వేశారు. తరువాత తల్లుల ఖాతాలకు వేశారు. ఇప్పుడు మళ్లీ కళాశాలకే వేస్తామంటున్నారు. సొమ్ము ఏ ఖాతాకు వెళ్లాలన్నది ప్రభుత్వాల ఇష్టం. ఆలస్యమైనప్పుడు తాకట్టులోకి వెళ్లేది మాత్రం ప్రతిసారీ విద్యార్థి చదువే.

మాకు తెలిసిన ఒక అమ్మాయి డిగ్రీ మంచి మార్కులతో ముగించింది. విశ్వవిద్యాలయంలో పీజీ సీటు వచ్చింది. చేరడానికి ఒరిజినళ్లు కావాలి. కళాశాల ఇవ్వలేదు. తండ్రి ఆటో నడుపుతాడు. బాకీ మొత్తం ఆ ఇంటి ఏడాది అద్దెకు సమానం. గడువు దాటింది, సీటు మరొకరికి వెళ్లింది. ఆ అమ్మాయి ఈనాడు వన్‌టౌన్‌లో ఒక బట్టల దుకాణంలో చీరలు మడతపెడుతున్నది. ఆమె పత్రాలు ఎక్కడా పోలేదు, భద్రంగా తాళం వేసి ఉన్నాయి. పోయినది ఆమె చదువు.

ఇది చట్టసమ్మతమా? కాదు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అంటే యూజీసీ, 2018 అక్టోబరులో ఇచ్చిన ప్రకటనలో ఏ విద్యా సంస్థా విద్యార్థుల ఒరిజినల్ పత్రాలను తన వద్ద ఉంచుకోరాదని, పరిశీలించిన వెంటనే తిరిగి ఇచ్చివేయాలని స్పష్టంగా చెప్పింది. ఆ కాగితం ప్రతి విశ్వవిద్యాలయానికి చేరింది. అనుబంధ కళాశాలలకు ఏటా గుర్తింపు పొడిగించేది విశ్వవిద్యాలయమే. ఒరిజినళ్లు బందీగా పెట్టుకున్న కళాశాలకు అనుబంధం ఇవ్వబోమని విశ్వవిద్యాలయం ఒక్క వాక్యం రాస్తే చాలు, బీరువాలు వాటంతట అవే తెరుచుకుంటాయి. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఎనిమిదేళ్లు చాలవా?

చట్టం మన వైపే ఉన్నది

కాగితం లేనంత మాత్రాన చదువు ఆపరాదన్నది మేము కొత్తగా కనిపెట్టిన సూత్రం కాదు. 2009 విద్యాహక్కు చట్టం 14వ సెక్షన్ వయసు రుజువు లేదన్న కారణాన ఏ బిడ్డకూ బడిలో ప్రవేశం నిరాకరించరాదని చెబుతుంది. 5వ సెక్షన్ బదిలీ పత్రం ఆలస్యమైనంత మాత్రాన చేర్చుకోకపోవడం తగదంటుంది. ఆధార్ విషయమై 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, ఆధార్ లేదన్న కారణంతో ఏ బిడ్డకూ పథకాల ప్రయోజనం ఆపరాదన్నది. నీట్ వంటి ప్రవేశ పరీక్షలకు దానిని తప్పనిసరి చేయడం కుదరదన్నది. ఆధార్ చట్టం 7వ సెక్షన్‌లోనే, ఆధార్ సంఖ్య ఇంకా రానివారికి వేరొక గుర్తింపు మార్గం చూపాలన్న నియమం ఉన్నది.

ఇంత చట్టం ఉండి కూడా చిక్కు ఎక్కడ వచ్చింది? విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల వరకే. ఎనిమిదో తరగతి వరకు "కాగితం తరువాత చూద్దాము, ముందు బిడ్డను చేర్చుకో" అన్న ప్రభుత్వమే, కాలేజీ గుమ్మం వద్దకు వచ్చేసరికి "ముందు కాగితం, తరువాతే బిడ్డ" అంటున్నది. పదమూడో ఏట ఉన్న దయ పద్దెనిమిదో ఏట ఎందుకు లేకుండా పోవాలి? కాగితం ముందుగా అడగకుండా చేర్చుకున్నది సరైనదైతే, మధ్యలో ఉన్న ఆ పదేళ్లలో ఆ కాగితాన్ని సమకూర్చే పని బడి చేయవలసినది కాదా?

పైగా ముందున్న రోజులు మరింత కఠినమైనవి. జనన నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణ అదే ఏడాది అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చింది. ఆ తేదీ నాడు గాని, తరువాత గాని పుట్టిన ప్రతి బిడ్డకు విద్యా సంస్థలో ప్రవేశానికి, డ్రైవింగ్ లైసెన్సుకు, ఓటరు జాబితాకు జనన ధ్రువపత్రమే ఆధారం. ఆ పిల్లలు నేడో రేపో బడికి వెళ్లవలసినవారు. వారు కళాశాలకు వచ్చేనాటికి "షేకా, ఎస్‌కెనా" అన్న ప్రశ్న కాదు, "నీవు పుట్టావా, లేదా" అన్న ప్రశ్న ఎదురు కావచ్చు. 2019 ఆగస్టు 31న అస్సాం పౌర జాబితా వెలువడినప్పుడు 19 లక్షలకు పైగా మనుషులు జాబితా బయట ఉన్నారు. వారిలో హిందువులు, ముస్లింలు, గిరిజనులు అందరూ ఉన్నారు. భయపెట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. కాగితం సాకుగా మనిషిని బయట నిలబెట్టే అలవాటు ఎక్కడ మొదలై ఎక్కడికి వెళ్తుందో గుర్తు చేస్తున్నాము.

అమెరికాలోని మన పిల్లలు, ఇక్కడి మన పిల్లలు

2019 జనవరిలో అమెరికాలోని మిషిగన్‌లో ఫార్మింగ్టన్ పేరుతో అక్కడి ప్రభుత్వమే నడిపిన నకిలీ విశ్వవిద్యాలయం బయటపడింది. నిర్బంధంలోకి తీసుకున్న 130 మందిలో 129 మంది భారతీయులు, వారిలో ఎక్కువమంది తెలుగువారు. ఆ రోజులలో మన పత్రికలు, మన నాయకులు, అక్కడి తెలుగు సంఘాలు ఒక్క గొంతుతో స్పందించాయి. న్యాయవాదులను ఏర్పాటు చేశారు. పిల్లలు మోసపోయారు, వారిని నేరస్తులుగా చూడవద్దన్నారు. ఆ మాట నూటికి నూరుపాళ్లు న్యాయమైనది. మేమూ ఆనాడు అదే అన్నాము.

ఆ దేశంలో పత్రాలు లేని పిల్లల పట్ల కఠినత్వం ఎంత ఉన్నా, మరొక పార్శ్వం కూడా ఉన్నది. 1982లో అక్కడి సుప్రీంకోర్టు టెక్సాస్ రాష్ట్రానికి సంబంధించిన కేసులో, పత్రాలు లేని కుటుంబాల పిల్లలను ప్రభుత్వ బడికి రాకుండా ఆపరాదని తీర్పు చెప్పింది. తల్లిదండ్రుల లోపానికి పిల్లలను శిక్షించరాదన్నది అందులోని భావం. 2012లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం అలాంటి విద్యార్థుల కోసం ప్రత్యేక విభాగం తెరిచింది. న్యాయ సలహా, చదువులో సలహా, పుస్తకాల సాయం ఒకే చోట దొరికే ఏర్పాటు చేసింది. పరాయి దేశం నుండి వచ్చి, చట్టరీత్యా అక్కడ ఉండే హక్కే లేని పిల్లలకు ఒక విశ్వవిద్యాలయం బల్ల వేసి కూర్చున్నది.

మన పిల్లలు ఏ దేశం నుండి వచ్చారు? కృష్ణా నీళ్లు తాగి పెరిగినవారు. తాతలు ఇక్కడి మట్టిలోనే పడుకున్నవారు. వారి పౌరసత్వం మీద ఎవరికీ సందేహం లేదు. లేనిది ఒక కాగితం. వారి కోసం నాగార్జున విశ్వవిద్యాలయంలో గాని, మచిలీపట్నం కృష్ణా విశ్వవిద్యాలయంలో గాని, విజయవాడలోనే ఉన్న ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయంలో గాని ప్రవేశాల రోజులలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక బాధ్యత గల ఉద్యోగి ఉండాలని కోరడం అత్యాశ అవుతుందా?

అభ్యంతరాలకు జవాబు

"దొంగ సర్టిఫికెట్లు పెరిగిపోతాయి" అన్నది మొదటి అభ్యంతరం. దొంగ పత్రం ముమ్మాటికీ నేరమే. దాని వలన ముందు నష్టపోయేది అసలైన పేదవాడే. మేము పరిశీలన వద్దనడం లేదు, పరిశీలన సంస్థే చేయాలంటున్నాము. విద్యార్థి తెచ్చిన కాగితం కంటే, జారీ చేసిన కార్యాలయం నుండి నేరుగా తెప్పించుకున్న సమాచారమే నమ్మదగినది. దొంగతనాన్ని అరికట్టే దారి కూడా అదే. మూడు నెలల తరువాత పత్రం తప్పని తేలితే సీటు రద్దు చేయవచ్చు. పత్రం సరైనదే అని తేలితే, పోయిన ఏడాదిని ఏ అధికారి తిరిగి ఇస్తాడు?

"నియమం అందరికీ ఒక్కటే" అన్నది రెండవ అభ్యంతరం. నియమం ఒక్కటే కావచ్చు, దూరం ఒక్కటి కాదు. ఉద్యోగి కొడుకుకు తహశీల్దారు కార్యాలయం ఒక ఫోన్ కాల్ దూరంలో ఉంటుంది. కూలీ కొడుకుకు మూడు రోజుల కూలి దూరంలో ఉంటుంది. ముస్లిం పిల్లలకే ప్రత్యేక రాయితీ ఇమ్మని కూడా మేము కోరడం లేదు. వరదలో మునిగిన పెట్టెకు మతం లేదు. వలస కూలీల పిల్లలు, యానాదులు, ఎరుకలవారి పిల్లలు, దళితవాడల పిల్లలు అందరూ ఈ వరుసలోనే నిలబడి ఉన్నారు. మన పిల్లలు ఆ వరుసలో ఎక్కువగా కనిపిస్తున్నందున మేము ముందుగా మాట్లాడుతున్నాము, అంతే.

"ఇప్పుడు అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి కదా" అన్నది మూడవది. డిజిలాకర్ వచ్చింది, 2025 జనవరి నుండి మన రాష్ట్రంలో వాట్సాప్ ద్వారా ప్రభుత్వ సేవలు వచ్చాయి. మంచిదే. కాని ఆ సదుపాయం పేర్లు కలిసినవారికే. నాలుగు కాగితాలలో నాలుగు పేర్లున్న అమ్మాయికి ఫోన్ కూడా "వివరాలు సరిపోలలేదు" అనే చెబుతుంది. మా కాలంలో ఆ మాట గుమాస్తా అనేవాడు. గుమాస్తాను బ్రతిమాలుకోవడానికైనా వీలుండేది.

మేము కోరుతున్నవి

విశ్వవిద్యాలయాలను, ఉన్నత విద్యా మండలిని మేము కోరేవి అయిదు. మొదటిది, ప్రతి విశ్వవిద్యాలయంలోను, ప్రతి కౌన్సెలింగ్ కేంద్రంలోను ధ్రువపత్రాల సహాయ విభాగం ఒకటి ఉండాలి. ప్రవేశాలు మొదలైన రోజు నుండి మూడు నెలల వరకు అది పనిచేయాలి. రెండవది, ఒకటి రెండు పత్రాలు లేని విద్యార్థికి హామీ పత్రం రాయించుకుని తాత్కాలిక ప్రవేశం ఇవ్వాలి. మూడవది, లేని పత్రం సమాచారాన్ని బోర్డు నుండి, తహశీల్దారు నుండి, బడి నుండి సంస్థే లేఖ రాసి తెప్పించుకోవాలి. నాల్గవది, ఒరిజినళ్లు ఉంచుకునే కళాశాలకు అనుబంధం నిలిపివేయాలి. అయిదవది, ఎవరికైనా ప్రవేశం నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా, సంతకంతో, తేదీతో ఇవ్వాలి. ముప్పై ఏళ్ల అనుభవంతో చెబుతున్నాము, నోటితో "కుదరదు" అనడం ఎంతో తేలిక. కాగితం మీద సంతకం పెట్టి "కుదరదు" అని రాయవలసి వచ్చినప్పుడు సగం కుదరనివి కుదురుతాయి.

ప్రభుత్వాన్ని కోరేది ఒక్కటి. వరదలో పోయిన పత్రానికి పోలీసు కాగితం, నోటరీ, చలానా అంటూ విద్యార్థిని తిప్పవద్దు. ఏ వీధి మునిగిందో ప్రభుత్వం వద్దనే జాబితా ఉన్నది. ఆ జాబితాయే రుజువు.

మనం చేయవలసినది

ఇంతటితో ఆపితే అది సగం నిజమే అవుతుంది. మన ఇంటిలోని లోపం కూడా చెప్పుకోవాలి. పెళ్లి పత్రిక మీద పేరు ఒక్క అక్షరం తప్పు పడితే మళ్లీ అచ్చు వేయిస్తాము. బిడ్డ బడి రిజిస్టరులో పేరు ఎలా రాశారో ఒక్కసారైనా తొంగి చూడము. వలీమాకు అప్పు చేసి బిర్యానీ పెడతాము. జనన నమోదుకు పురపాలక కార్యాలయానికి వెళ్లడానికి బద్ధకిస్తాము. అధికారులను నిలదీయాలంటే ముందు మన చేయి శుభ్రంగా ఉండాలి.

ప్రతి మస్జిద్ కమిటీకి మా విన్నపం. నెలకొక జుమా నాడు నమాజు తరువాత అయిదు నిమిషాలు ఈ విషయానికి కేటాయించండి. మొహల్లాలో పుట్టిన ప్రతి బిడ్డ నమోదు 21 రోజులలోగా జరిగిందో లేదో అడగండి. పేరు పెట్టిన వెంటనే రిజిస్టరులో చేర్పించండి. ఆధార్‌లో, బడిలో, రేషన్ కార్డులో ఒకే పేరు ఒకే వరుసలో ఉండేటట్లు తొమ్మిదో తరగతిలోనే సరిచూడండి. పదో తరగతి పత్రం అచ్చయిన తరువాత దానిని దిద్దడం కొండను కదిలించినంత పని. వీధికి ఒక చదువుకున్న యువకుడు, ఒక చదువుకున్న యువతి ఈ బాధ్యత తీసుకుంటే చాలు. మా వంటి విశ్రాంత ఉద్యోగులు ప్రతి ఊరిలోను ఉన్నారు. ఏ కాగితం ఏ బల్ల మీద ఆగుతుందో వారికి తెలుసు. వారిని ఇంటికి వెళ్లి పిలవండి, కాదనరు. కాదంటే ఈ వ్యాసం చూపించండి.

దివ్య ఖుర్ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ బఖరా సూరాలో ఉన్నది. అది అప్పు లావాదేవీలను రాసి పెట్టుకోవడం గురించినది. అందులో, రాయడం తెలిసినవాడు రాయడానికి నిరాకరించరాదన్న ఆదేశం కూడా ఉన్నది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ ఆయత్‌ను మేము ఎన్నిసార్లు పారాయణం చేశామో లెక్క లేదు. అది మా బల్ల గురించి కూడా మాట్లాడుతున్నదని పదవీ విరమణ తరువాత గాని మాకు తోచలేదు. ఈనాడు ఆ బల్లల వద్ద కూర్చున్న సోదరులకు, సోదరీమణులకు, వారు ఏ మతం వారైనా, మేము చెప్పేది ఇదే. మీ ఎదుట నిలబడిన పిల్లవాని చేతిలో కాగితం లేకపోవచ్చు, మీ చేతిలో కలం ఉన్నది. "తెమ్మనుము" అని రాసే ముందు, తెప్పించగలిగినవారు మీరేనని ఒక్క క్షణం ఆలోచించండి.

వచ్చే ప్రవేశాల నాటికి విజయవాడలోని ప్రతి కౌన్సెలింగ్ కేంద్రం బయట మేము ఒక బల్ల వేసుకుని కూర్చుంటాము. లోపల వేయవలసిన బల్లను విశ్వవిద్యాలయాలు లోపల వేసిన రోజున, మా బల్లను మడిచి ఇంటికి తీసుకువెళ్తాము. ఇన్షా అల్లాహ్, ఆ రోజు త్వరలోనే రావాలి.